స్పెక్ట్రమ్ సెన్సింగ్ ప్రాజెక్ట్: సిమ్యులేషన్‌లో 97 శాతం, హార్బర్ దగ్గర 68. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కాకినాడ_కెరటం | జూన్ 27, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను ఎంటెక్ రెండో ఏడాది, కమ్యూనికేషన్స్. కాగ్నిటివ్ రేడియో (ఖాళీగా ఉన్న ఛానెళ్లని తానే పసిగట్టి వాడుకునే రేడియో) మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. మూడు వారాల్లో రివ్యూ ఉంది, బాగా టెన్షన్‌గా ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

లైసెన్స్ ఉన్న ప్రైమరీ యూజర్ తన ఛానెల్ వాడని సమయంలో దాన్ని సెకండరీ యూజర్ వాడుకోవాలంటే, అది ఖాళీగా ఉందో లేదో ముందు తెలియాలి. అది తేల్చడమే స్పెక్ట్రమ్ సెన్సింగ్. దానికోసం ఒక సీఎన్ఎన్ (బొమ్మల్లో ఆకారాలు గుర్తుపట్టే రకం న్యూరల్ నెట్‌వర్క్) ట్రైన్ చేశాను. ప్రైమరీ యూజర్‌గా మెరైన్ వీహెచ్ఎఫ్ (ఓడలు, బోట్లు మాట్లాడుకునే రేడియో బ్యాండ్) ఎంచుకున్నాను. మా ఊళ్లో పోర్టు, ఫిషింగ్ హార్బర్ రెండూ ఉన్నాయి కాబట్టి 156 మెగాహెర్ట్జ్ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక సందడి ఉంటుంది. ఛానెల్ వెడల్పు 25 కిలోహెర్ట్జ్. నా ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) సెకనుకు 24 లక్షల శాంపిల్స్ తీసుకుంటుంది, అంటే ఒకేసారి 96 ఛానెళ్ల వెడల్పు చూడొచ్చు. ప్రసారం ఏమీ చేయడం లేదు, రికార్డ్ చేయడం మాత్రమే.

సిమ్యులేషన్‌లో 97 శాతం సరైన జవాబులు వచ్చాయి. మే నెలలో హాస్టల్ మేడ మీద నుంచి తీసిన రికార్డింగులు కలిపి ట్రైన్ చేస్తే 95. పోయిన వారం హార్బర్ దగ్గర కొత్తగా తీసిన డేటా మీద నడిపితే 68కి పడిపోయింది. ఖాళీ ఛానెల్‌ని నిండింది అంటోంది, బోటువాళ్లు మాట్లాడుతుంటే ఖాళీ అంటోంది.

లేయర్లు పెంచాలా? ఎల్ఎస్టీఎం (వరుస క్రమాన్ని గుర్తుపెట్టుకునే నెట్‌వర్క్) కలపాలా? లేక దీనికి మామూలు ఎనర్జీ డిటెక్టరే చాలా?

పాత_రేడియో | జూన్ 27, రాత్రి 11:25

బాబూ, లేయర్ల జోలికి ఇప్పుడే పోకు. ముందు మూడు విషయాలు చెప్పు. ట్రైనింగ్, టెస్ట్ డేటాని ఎలా విడదీశావు? గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) స్థిరంగా పెట్టావా, ఆటోమేటిక్‌లో వదిలేశావా? అన్నిటికన్నా ముఖ్యం, రికార్డింగుల్లో ఏది ఖాళీ, ఏది నిండు అని లేబుల్ వేసింది ఎవరు?

ఎనర్జీ డిటెక్టర్ చాలా అని అడిగావు కదా, దాని పరిమితి చెబుతాను. అది చేసేదల్లా వచ్చిన శక్తిని కొలిచి ఒక గీతతో పోల్చడం. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియాలంటే నాయిస్ మట్టం కచ్చితంగా తెలియాలి. నీ రిసీవర్ వేడెక్కినా, పక్కన ఎవరైనా ఎల్ఈడీ బల్బు వేసినా ఆ మట్టం కదులుతుంది. 2008లో టండ్రా, సహాయ్ అనే పరిశోధకులు దీన్ని లెక్కకట్టి చూపించారు: నాయిస్ మట్టం మీద 1 డీబీ (డెసిబెల్, శక్తుల తేడా చెప్పే కొలత) అనుమానం ఉంటే, సిగ్నల్ నాయిస్ కన్నా దాదాపు 3.3 డీబీ దిగువకు పోయాక ఎంతసేపు విన్నా ఎనర్జీ డిటెక్టర్ తేల్చలేదు. అనుమానాన్ని 0.1 డీబీకి తగ్గించగలిగినా ఆ గోడ మైనస్ 13.4 డీబీ దగ్గరే నిలబడుతుంది. టీవీ ఖాళీ ఛానెళ్ల కోసం వచ్చిన 802.22 ప్రమాణం డిజిటల్ టీవీ సిగ్నల్‌ని మైనస్ 116 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే శక్తి) దగ్గర పట్టాలంది. అది నాయిస్‌కి దాదాపు 20 డీబీ కింద. కాబట్టి శక్తి ఎంతుందో చూస్తే చాలదు, సిగ్నల్ ఆకారం కూడా చూడాలి. లెర్నింగ్ అవసరం పడేది అక్కడే.

శిఖం_పొలం | జూన్ 28, ఉదయం 6:50

ఈ సబ్జెక్ట్ కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. మాది మెదక్ వైపు. చెరువులో నీళ్లు తగ్గాక శిఖం భూమిలో పంట వేసుకుంటారు. వాన పడి నీళ్లొస్తే చేతికొచ్చిన పంటయినా వదిలి గట్టెక్కాల్సిందే, ఎందుకంటే ఆ నేల నీళ్లది. సెకండరీ యూజర్ బతుకు అంతే. ఖాళీని పట్టుకోవడం సగం పని. నీళ్లు వస్తున్నాయని ముందే పసిగట్టి తప్పుకోవడం మిగతా సగం. చాలా ప్రాజెక్టులు మొదటి సగం దగ్గరే ఆగిపోతాయి. నాకు ఆ రెండో సగం మీదే ఆసక్తి.

కాకినాడ_కెరటం | జూన్ 28, ఉదయం 9:15

పాత_రేడియో గారూ, మీ ప్రశ్నలకు జవాబులు.

విడదీయడం: అన్ని రికార్డింగుల్నీ చిన్న ముక్కలు చేసి, కలగలిపి, 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్ట్‌కి తీసుకున్నాను. గెయిన్: ఆటోమేటిక్. లేబుల్: ఛానెల్‌లో శక్తి ఒక గీత దాటితే నిండు, లేకపోతే ఖాళీ. ఆ గీత నేనే కంటితో చూసి పెట్టాను.

రాస్తుంటే మూడోదాంట్లో ఏదో తేడా ఉందనిపిస్తోంది సార్.

పాత_రేడియో | జూన్ 28, ఉదయం 9:40

నీకే తట్టింది, సంతోషం. లేబుల్ వేసింది ఎనర్జీ డిటెక్టర్. అంటే నీ సీఎన్ఎన్ నేర్చుకున్నది ఎనర్జీ డిటెక్టర్‌ని. గురువుకి వినబడని బలహీనమైన సిగ్నళ్లన్నిటికీ "ఖాళీ" అనే లేబుల్ పడింది, శిష్యుడూ అదే వల్లించాడు. నువ్వు లేయర్లు ఎన్ని పేర్చినా ఆ గురువుని దాటలేడు. సెన్సింగ్‌లో అసలు విలువంతా గురువుకి వినబడని చోటే ఉంది.

విడదీయడం కూడా తప్పే. ఒకే నిమిషంలో తీసిన రెండు ముక్కలు కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి ట్రైనింగ్‌లో, రెండోది టెస్ట్‌లో పడితే మోడల్ ఆ సిగ్నల్‌ని గుర్తుపట్టడం లేదు, ఆ నిమిషాన్ని గుర్తుపడుతోంది. రికార్డింగ్ రోజుల వారీగా విడదీయి. ఒక రోజు మొత్తం ట్రైనింగ్‌లో ఉండాలి, లేదా మొత్తం టెస్ట్‌లో.

ఎస్డీఆర్_లత | జూన్ 28, మధ్యాహ్నం 1:05

తమ్ముడూ, గెయిన్ సంగతి నేను చెబుతాను, ఇదే దెబ్బ నేనూ తిన్నాను. నా పీహెచ్‌డీ మొదట్లో నిండు ఛానెళ్ల రికార్డింగులు పగలు తీశాను, ఖాళీవి రాత్రి తీశాను. మధ్యలో గెయిన్ మార్చిన సంగతి మర్చిపోయాను. మోడల్ 99 శాతం చూపించింది. రెండు నెలలు ఆ అంకె చూసుకుని మురిసిపోయాను. చివరికి తేలింది ఏమిటంటే అది నేర్చుకున్నది గెయిన్ తేడాని. ఆ రెండు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది, అందుకే ఎవరు అడిగినా ఇది ముందు చెబుతాను.

నువ్వు చేయాల్సినవి: ఆటోమేటిక్ గెయిన్ తీసేసి ఒక అంకె దగ్గర స్థిరంగా పెట్టు. యాంటెన్నా విప్పి, ఆ స్థానంలో 50 ఓమ్‌ల టర్మినేటర్ బిగించి అరగంట రికార్డ్ చెయ్యి. అందులో గాలిలోంచి వచ్చింది ఏమీ ఉండదు, అంతా నీ డాంగిల్ సొంత గొంతే. ఆ డేటా మీద మోడల్ నడుపు. అందులో కూడా "నిండు" అంటోందంటే అది డాంగిల్ మచ్చల్ని నేర్చుకుందన్నమాట. డాంగిల్ లోపల పుట్టే సన్నని గీతలు స్పెక్ట్రమ్‌లో అక్కడక్కడా నిలబడి ఉంటాయి, పైగా ఇది 8 బిట్ల పరికరం, హార్బర్ దగ్గర బలమైన సిగ్నల్ ఒకటి వస్తే చాలు, పక్క ఛానెళ్లలో దాని నీడలు కనబడతాయి. "ఖాళీని నిండింది అంటోంది" అన్నావే, నా అనుమానం ఆ నీడల మీదే.

డేటాబేస్_వాదం | జూన్ 28, సాయంత్రం 6:30

నా అభిప్రాయం వేరు. ఈ సెన్సింగ్ బాధ అంతా దేనికి? అమెరికాలో రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో టీవీ ఖాళీ ఛానెళ్ల నిబంధనలు పెట్టినప్పుడు సెన్సింగ్ తప్పనిసరి అంది. 2010లో ఆ షరతు తీసేసింది. పరికరం తానెక్కడుందో డేటాబేస్‌కి చెబితే, వాడుకోదగ్గ ఛానెళ్ల జాబితా వస్తుంది, అంతే. మన దేశంలో అయితే ఇంకా తేలిక. ఐఐటీ బాంబే వాళ్లు 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 15 టీవీ ఛానెళ్లని లెక్కగట్టి, దేశంలో దాదాపు ఎక్కడ చూసినా కనీసం 12 ఖాళీ అని తేల్చారు. నేల మీది టీవీ ప్రసారం దూరదర్శన్ ఒక్కటే కాబట్టి టవర్లు ఎక్కడున్నాయో తెలిస్తే సరిపోతుంది. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?

వర్జీనియా_వలస | జూన్ 28, రాత్రి 9:50

టీవీ టవర్ కదలదు, మీ వాదన దానికి నూటికి నూరుపాళ్లు సరే. కదిలేవాళ్ల సంగతి చూడండి. నేను ఇక్కడ అమెరికాలో సీబీఆర్ఎస్ అనే పంచుకునే బ్యాండ్ మీద పనిచేస్తున్నాను, 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్. అందులో మొదటి హక్కు నేవీ రాడార్లది. ఓడ ఎప్పుడు ఎక్కడ ఉంటుందో నేవీ డేటాబేస్‌లో రాయదు కదా. అందుకే తీరం వెంబడి సెన్సర్లు పెట్టారు. రాడార్ వినబడగానే అవి ఎస్ఏఎస్ అనే సర్వర్‌కి చెబుతాయి, అది ఆ ప్రాంతంలో సెల్ సైట్లని ఆ ఫ్రీక్వెన్సీ నుంచి తప్పిస్తుంది. అంటే ఇక్కడ డేటాబేస్ ఉంది, దానికి చెవులూ ఉన్నాయి.

ఇందులో లెర్నింగ్ పాత్ర ఊహ కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ పరిశోధకులు శాన్ డియాగో, వర్జీనియా బీచ్‌ల దగ్గర తీసిన 14,000కు పైగా స్పెక్ట్రోగ్రామ్‌లకు (ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు ఎంత శక్తి ఉందో చూపే బొమ్మలు) మనుషులతో లేబుళ్లు వేయించి, ఎస్పీఎన్-43 అనే పాత నేవీ రాడార్‌ని ఏ పద్ధతి బాగా పడుతుందో పోల్చారు. ఎనర్జీ డిటెక్షన్‌ని డీప్ లెర్నింగ్ స్పష్టంగా దాటింది. కెరటం గారూ, మీకు పనికొచ్చే సంగతి ఇది: కచ్చితత్వం, లెక్కల భారం రెండూ చూసుకుంటే వాళ్లకి బాగా కుదిరింది మూడు లేయర్ల చిన్న సీఎన్ఎన్. శ్రమంతా లేబుళ్ల మీద పెట్టారు.

మీ లేబుళ్లకి ఒక దారి చెబుతాను. మాట్లాడే ఛానెళ్లు పక్కన పెట్టి ఏఐఎస్ తీసుకోండి. ఓడలు తమ స్థానం, వేగం చెప్పే డిజిటల్ ప్యాకెట్లు, 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల మీద. నిమిషానికి 2250 స్లాట్లు, ఒక్కోటి 26.67 మిల్లీసెకన్లు. ప్రతి ప్యాకెట్‌కీ చెక్‌సమ్ (పాడవకుండా వచ్చిందో లేదో తేల్చే అంకె) ఉంటుంది. ఎత్తైన చోట మంచి యాంటెన్నా పెట్టి, స్ప్లిటర్‌తో రెండు డాంగిళ్లకి ఇవ్వండి. ఒకదానికి నేరుగా, రెండోదానికి సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ ద్వారా. మొదటి డాంగిల్‌లో ప్యాకెట్ డీకోడ్ అయి చెక్‌సమ్ సరిపోతే ఆ స్లాట్ నిండు, అందులో సందేహం లేదు. రెండో డాంగిల్‌లో అదే స్లాట్ నాయిస్‌లో మునిగి ఉంటుంది. మీ మోడల్‌కి పరీక్ష అక్కడ పెట్టండి.

డేటాబేస్_వాదం | జూన్ 28, రాత్రి 10:20

ఓడల సంగతి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. టీవీ బ్యాండ్ వరకు నా మాట మీదే ఉన్నాను.

ఎస్డీఆర్_లత | జూన్ 29, ఉదయం 8:10

వర్జీనియా అన్న చెప్పిన ఏఐఎస్ పద్ధతి నాకు చాలా నచ్చింది. రెండు జాగ్రత్తలు. డీకోడ్ కాని స్లాట్‌ని "ఖాళీ" అనేయకు. రెండు ఓడల ప్యాకెట్లు గుద్దుకుని పాడై ఉండొచ్చు. శక్తి కూడా లేకపోతేనే ఖాళీ, మధ్యరకం వాటిని డేటాసెట్‌లోంచి తీసెయ్. రెండోది, రెండు డాంగిళ్ల క్రిస్టల్స్ ఒకే వేగంతో నడవవు. నిమిషాలు గడిచేకొద్దీ ఒకటి జరిగిపోతుంది. బలమైన ప్యాకెట్లు రెండింట్లోనూ కనబడతాయి కాబట్టి వాటితో మాటిమాటికీ సరిచూసుకో.

ఇంకో మాట. మాట్లాడే ఛానెళ్ల రికార్డింగులుంటే స్పెక్ట్రోగ్రామ్‌లు మాత్రమే దాచుకో, మాటలు బయటికి తీయకు, ఎవరికీ పంపకు. అవి వేరేవాళ్ల సంభాషణలు.

డీక్యూఎన్_మాధురి | జూన్ 29, ఉదయం 11:35

సెన్సింగ్ ఒక్కటే మాట్లాడుతున్నారు, యాక్సెస్ సంగతి ఏంటి? ఏ ఛానెల్‌కి ఎప్పుడు వెళ్లాలో నేర్చుకోవడమే కదా అసలు పని. ఆ భాగానికి డీప్ క్యూ నెట్‌వర్క్ (డీక్యూఎన్, రివార్డులు చూసుకుంటూ నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) పెడితే బావుంటుంది. ఛానెల్ దొరికితే ప్లస్ 1, ప్రైమరీకి అడ్డుపడితే మైనస్ 1 అని రివార్డ్ ఇచ్చి వదిలేస్తే అదే నేర్చుకుంటుంది.

శిఖం_పొలం | జూన్ 29, మధ్యాహ్నం 3:00

మాధురి గారూ, ఆ మైనస్ 1 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అడ్డుపడ్డాక శిక్ష వేస్తే, అది నేర్చుకునేవరకు అడ్డుపడుతూనే ఉంటుంది. మెరైన్ బ్యాండ్‌లో 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రమాదంలో ఉన్న బోటు సాయం కోసం పిలిచే ఛానెల్. 70వది డిజిటల్ ప్రమాద హెచ్చరికలది. వాటిని నేర్చుకోవడానికి వదలకూడదు, ఎంపికల జాబితాలోంచే తీసేయాలి. కాగితం మీద సిమ్యులేషన్ అయినా సరే, ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఈ మాట రాసి తీరాలి. మా బాబాయి గారి అల్లుడు ఉప్పాడలో బోటు నడుపుతాడు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పద్ధతి గురించి: ఒక్కో ఛానెల్‌ని ఖాళీ, నిండు అనే రెండు స్థితుల మార్కోవ్ గొలుసుగా (తర్వాతి స్థితి ఇప్పటి స్థితి మీదే ఆధారపడేదిగా) చూసి ముందు బ్యాండిట్ పద్ధతి (ఒక్కోదాన్ని ప్రయత్నిస్తూ ఏది మంచిదో నేర్చుకోవడం) పెట్టండి. అందులో యూసీబీ అనే రకం అయితే ఇరవై లైన్ల కోడ్. డీక్యూఎన్ దానికన్నా ఎంత మెరుగో చూపించగలిగితేనే దాని అవసరం ఉన్నట్టు. ఛానెళ్ల మధ్య సంబంధం ఉన్నప్పుడు, అంటే ఒకటి నిండితే ఇంకోటి ఖాళీ అయ్యేలాంటి పద్ధతి ఉన్నప్పుడు డీక్యూఎన్ నిజంగా గెలుస్తుంది. ఏ ఛానెల్‌కి ఆ ఛానెలే అయితే బ్యాండిట్ చాలు.

డీక్యూఎన్_మాధురి | జూన్ 29, సాయంత్రం 5:20

ప్రమాద ఛానెళ్ల సంగతి నాకు తట్టలేదండీ, నిజమే, అది రివార్డ్‌తో తేల్చే విషయం కాదు. బ్యాండిట్ మీద మాత్రం ఒక ప్రశ్న. సెకండరీ యూజర్లు పదిమంది ఉండి అందరూ యూసీబీ నడిపితే? అందరికీ ఒకే మంచి ఛానెల్ దొరికి అక్కడే గుద్దుకుంటారు కదా.

వర్జీనియా_వలస | జూన్ 29, రాత్రి 8:45

ఆ ప్రశ్నకోసమే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మూడేళ్లు పోటీ పెట్టింది, 2016 నుంచి 2019 వరకు. పేరు స్పెక్ట్రమ్ కొలాబరేషన్ ఛాలెంజ్. కొలోసియం అనే టెస్ట్‌బెడ్‌లో 128 సాఫ్ట్‌వేర్ రేడియోల మీద టీముల నెట్‌వర్కులు ఒకే స్పెక్ట్రమ్ పంచుకోవాలి. నాకు బాగా నచ్చింది స్కోరు పద్ధతి. ఏ ఒక్క నెట్‌వర్క్ కనీస స్థాయి అందుకోకపోయినా అందరి స్కోరూ ఆ తక్కువ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పక్కవాడిని తొక్కి గెలవడం కుదరదు. 2019 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఫైనల్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం టీమ్ గేటర్‌వింగ్స్ గెలిచి 20 లక్షల డాలర్లు తీసుకుంది.

మీ పదిమంది యూజర్ల సమస్యలో కూడా రివార్డ్ ఒక్కొక్కరిది విడిగా ఇవ్వకండి, అందరిలో కనిష్ఠం ఎంతో అది కలిపి చూడండి. నేర్చుకునే తీరే మారిపోతుంది.

కాకినాడ_కెరటం | జూలై 9, రాత్రి 11:10

పది రోజులు కనబడనందుకు క్షమించండి. మీరు చెప్పినవన్నీ చేశాను.

ముందుగా రోజుల వారీగా విడదీసి పాత మోడల్‌నే మళ్లీ ట్రైన్ చేస్తే, 95 కాస్తా 74 అయ్యింది. అంటే ఆ 95 ఎప్పుడూ నిజం కాదు. లత అక్క చెప్పిన టర్మినేటర్ పరీక్షలో రెండు ఛానెళ్లని "నిండు" అంటూనే ఉంది, ఆ రెండు చోట్లా డాంగిల్ సొంత గీతలున్నాయి.

ఇంకొకటి దొరికింది, దీన్ని ఎవరూ ఊహించలేదనుకుంటా. మే డేటా, జూన్ డేటా పక్కపక్కన పెట్టి ఛానెళ్లు ఎంతసేపు నిండి ఉన్నాయో గీశాను. మేలో దాదాపు నిశ్శబ్దం. జూన్ మూడో వారంలో తెల్లవారుజాము నుంచే హోరు. హార్బర్‌లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనని అడిగితే నవ్వి చెప్పాడు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా బాబూ, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి అని. ఆ 61 రోజుల్లో నేర్చుకున్న మోడల్‌కి "ఈ ఛానెళ్లు మామూలుగా ఖాళీ" అనే నమ్మకం కుదిరిపోయింది. వేట మొదలయ్యాక మాటలు వినబడుతున్నా ఖాళీ అన్నది అందుకే.

ఏఐఎస్ మీద కొత్త ఫలితాలు: ఫాల్స్ అలారమ్ (ఖాళీని నిండు అనడం) 10 శాతం దగ్గర కట్టేసి, 90 శాతం డిటెక్షన్ ఎంత బలహీనమైన సిగ్నల్ దాకా వస్తుందో చూశాను. నా సీఎన్ఎన్ ఎనర్జీ డిటెక్టర్ కన్నా దాదాపు 3 డీబీ దిగువ దాకా పట్టింది. మూడు లేయర్లే. ఇది గొప్పదా, మామూలుదా తెలియడం లేదు.

పాత_రేడియో | జూలై 10, ఉదయం 6:15

వేట నిషేధం సంగతి చదివి చాలా సంతోషమేసింది. రిపోర్ట్‌లో దానికి ఒక అధ్యాయం ఇవ్వు. మోడల్‌లో రెండు భాగాలు విడదీయి: సిగ్నల్ ఎలా ఉంటుందో చెప్పేది ఒకటి, ఎంత తరచుగా వస్తుందో చెప్పేది ఒకటి. మొదటిది ఏడాదంతా మారదు. రెండోది మాత్రం రోజూ నేర్చుకుంటూ ఉండాలి, పాతదాన్ని మెల్లగా మరిచిపోతూ.

3 డీబీ గొప్పదా అన్నావు. పై హద్దు పెట్టుకుని చూడు. ఏఐఎస్ ప్యాకెట్ మొదట్లో 24 బిట్ల ట్రైనింగ్ సీక్వెన్స్, ఆ వెంటనే స్టార్ట్ ఫ్లాగ్ ఉంటాయి, అవి ఎప్పుడూ అవే. ఆ ఆకారంతో కోరిలేటర్ (వచ్చిన సిగ్నల్‌ని తెలిసిన ఆకారంతో పోల్చి చూసేది) కట్టి దాన్నీ అదే డేటా మీద నడుపు. తరంగం తెలిసినప్పుడు దాన్ని దాటడం కష్టం. నీ సీఎన్ఎన్ ఎనర్జీ డిటెక్టర్, కోరిలేటర్ల మధ్య ఎక్కడ నిలబడిందో చూపించు.

కాకినాడ_కెరటం | జూలై 12, రాత్రి 10:05

కోరిలేటర్ పెట్టాను సార్. అదే గెలిచింది, నా సీఎన్ఎన్ కన్నా ఇంకో 2 డీబీ కిందకి పట్టింది. మొదట నీరుగారిపోయాను. తర్వాత దాన్ని మాట్లాడే ఛానెళ్ల మీద ప్రయత్నిస్తే ఏమీ పట్టలేదు, అక్కడ తెలిసిన ఆకారం లేదు కదా. ఏఐఎస్ మీద ట్రైన్ చేసిన సీఎన్ఎన్‌ని కొద్దిపాటి వాయిస్ డేటాతో మళ్లీ ట్యూన్ చేస్తే మాత్రం అక్కడ ఎనర్జీ డిటెక్టర్‌ని దాటింది. మా గైడ్ గారికి చూపించాను, రివ్యూకి ఇదే పెట్టమన్నారు.

శిఖం_పొలం | జూలై 12, రాత్రి 10:40

బావుంది తమ్ముడూ. తప్పుకునే సమయం కూడా కొలువు. ఓడ మాట మొదలుపెట్టిన ఎన్ని మిల్లీసెకన్లకి నీ మోడల్ "నిండు" అంటోంది? వినడానికి ఎక్కువ సమయం పెడితే పంపడానికి తక్కువ మిగులుతుంది. సింగపూర్ పరిశోధకులు 2008లో దీన్ని టీవీ ఛానెల్‌కి లెక్కగట్టారు: మైనస్ 20 డీబీ సిగ్నల్‌కి, 100 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌లో 14.2 మిల్లీసెకన్లు వింటే గరిష్ఠ త్రూపుట్ (పంపగలిగే డేటా). నీ బ్యాండ్‌కి ఆ అంకె ఎంతో తేలిస్తే, నేను కూడా వాడుకుంటాను.

కాకినాడ_కెరటం | జూలై 13, ఉదయం 7:30

తప్పకుండా కొలుస్తాను అన్నా. ఆదివారం హార్బర్ లైట్ దగ్గరికి వెళ్లి రోజంతా రికార్డ్ చేద్దామనుకుంటున్నాను. అక్కడ కరెంటు లేదు, పవర్ బ్యాంకుతో నడిపించాలి. ఇంకేమైనా చూసుకోవాలా?

ఎస్డీఆర్_లత | జూలై 13, ఉదయం 8:05

డాంగిళ్లు రెండూ నీడలో పెట్టు, ఎండ తగిలితే క్రిస్టల్ జరిగిపోతుంది. మొదలుపెట్టే ముందు పావుగంట ఊరికే నడవనివ్వు, వేడి నిలకడయ్యాకే రికార్డింగ్ నొక్కు. టర్మినేటర్ వెంట తీసుకెళ్లి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఐదేసి నిమిషాలు అదీ తియ్యి. గెయిన్ ఎంత పెట్టావో ఫైల్ పేరులోనే రాయి.